ధర్మశాల అంటే సత్రం

గుంటూరులో చలి ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. అయినా దీపావళి వెళ్ళగానే ఊళ్ళో ఖాళీ జాగాల్లో టార్పాలిన్ డేరాలు లేచేవి. లోపల తాళ్ళ మీద స్వెట్టర్లు, మంకీ క్యాపులు, శాలువాలు వేలాడేవి. పొడుగు గౌను లాంటి బట్ట మీద చారల గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు స్టూళ్ళ మీద కూర్చుని, చేతులు ఊరుకోక ఏదో ఒకటి అల్లుతూ ఉండేవారు. మేం వాళ్ళని నేపాల్ వాళ్ళు అనేవాళ్ళం. అమ్మ నాకూ తమ్ముడికీ స్వెట్టరు కొంటే ఒక సైజు పెద్దదే కొనేది, ఎదిగే పిల్లలం కాబట్టి. సంక్రాంతి దాటాక ఒకరోజు చూస్తే డేరాలు ఉండేవి కావు. వాళ్ళు ఎక్కడికి వెళ్ళారో మేం అడగలేదు. ఎక్కడి నుంచి వచ్చారో కూడా అడగలేదు.

2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర అనే బౌద్ధ దీక్షోత్సవం జరిగింది. దలైలామా వచ్చారు. కృష్ణ ఒడ్డున ఎటు చూసినా ముదురెరుపు బట్టల్లో భిక్షువులు, జపమాలలు తిప్పుకుంటూ ముసలివాళ్ళు, వీపున పిల్లల్ని కట్టుకున్న తల్లులు. ఆ జనంలో అమ్మ నా చెయ్యి పట్టుకుని నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. "వీళ్ళు మన స్వెట్టర్ల వాళ్ళే కదే!" అంది. మా ఇంట్లో టిబెట్ అన్న మాట మొదటిసారి మనుషుల ముఖాలతో కలిసి వినబడింది ఆ రోజే.

వాళ్ళ ఊరు చూడాలని అమ్మ అప్పటి నుంచీ అంటూనే ఉంది. నాన్న పోయాక, తను రిటైరయ్యాక, కిందటి అక్టోబరులో ఇద్దరం బయల్దేరాం. ఢిల్లీలో మజ్నూ కా టీలా అనే టిబెటన్ కాలనీ దగ్గర సాయంత్రం బస్సెక్కితే తెల్లారేసరికి ధర్మశాల పైనున్న మెక్లాడ్‌గంజ్‌లో దింపుతుంది. వెళ్ళే ముందు నేను మనవాళ్ళ వీడియోలు, పోస్టులు చాలా చూశాను. అన్నింట్లోనూ రెండే మాటలు. ఒకటి "మినీ టిబెట్". రెండోది "బ్రిటిష్ కాలపు అందం". రెండూ కలిపి "హెరిటేజ్". ఆ ఊళ్ళో ఐదు రోజులు ఉండి వచ్చాక నాకు ఆ మాటతో పెద్ద పేచీ మొదలైంది. అక్కడ దొరలు వదిలేసిన చర్చినీ టిబెటన్లు కట్టుకున్న గుడినీ ఒకే మాటలో కలిపేయడం తప్పు అని నా వాదన. ఎందుకు తప్పో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఊరి పేరు. ధర్మశాల అంటే మన భాషలోనూ అదే అర్థం, సత్రం. బాటసారులు రాత్రికి తలదాచుకునే చోటు. సిక్కులతో మొదటి యుద్ధం గెలిచాక 1846లో కాంగ్రా లోయ బ్రిటిష్ వాళ్ళ చేతికి వచ్చింది. 1849లో ఇక్కడ కంటోన్మెంట్ పెట్టారు. పైనున్న బజారుకి పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నరుగా చేసిన డొనాల్డ్ మెక్లాడ్ పేరు వచ్చింది. దేవదారు చెట్లు, పలక రాళ్ళ కప్పులు, వెనకాల గోడలాగా ధౌలాధార్ కొండలు. సుమారు 2,000 మీటర్ల ఎత్తు. కింద మైదానంలో ఎండకి తాళలేని దొరలకి ఇది ఇంగ్లండు గుర్తొచ్చే చోటు.

ఆ దొరల్లో ఒకాయన ఇక్కడే ఉండిపోయాడు. మెక్లాడ్‌గంజ్ నుంచి ఫోర్సిత్‌గంజ్ వైపు దిగుతుంటే అడవి మధ్యలో 1852 నాటి సెయింట్ జాన్ ఇన్ ది వైల్డర్‌నెస్ చర్చి ఉంది. నల్లబడిన రాతి గోడలు, నాచు, చుట్టూ దేవదారుల నీడ. చాలా అందంగా ఉంది, ఆ మాట దాచను. వెనకాల వైస్రాయ్ ఎల్గిన్ సమాధి. ఎనిమిదో ఎర్ల్ ఆఫ్ ఎల్గిన్. హిమాలయాల్లో పర్యటిస్తూ గుండె జబ్బు ముదిరి 1863 నవంబర్ 20న ధర్మశాలలో చనిపోయాడు. చర్చి రంగుటద్దాల కిటికీలు ఆయన భార్య ఇచ్చినవి అంటారు. అక్కడికి వచ్చినవాళ్ళు సమాధి ముందు ఫోటోలు దిగుతున్నారు. నేనూ ఒకటి తీశాను.

ఆయన ఎవరో ఆ రాత్రి గదిలో కూర్చుని చదివాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. 1860లో, రెండో నల్లమందు యుద్ధంలో, పెకింగ్‌లోని చైనా చక్రవర్తుల పాత వేసవి రాజభవనాన్ని తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చింది ఈయనే. ఈయన తండ్రి ఏడో ఎర్ల్. ఏథెన్స్‌లో పార్థెనాన్ గుడి శిల్పాల్ని ఊడదీయించి లండన్ పట్టుకెళ్ళింది ఆయన. ఒకే ఇంట్లో తండ్రి శిల్పాలు తెచ్చాడు, కొడుకు రాజభవనం కాల్పించాడు. ఆ కొడుకు సమాధి నుంచి కాస్త పైకి నడిస్తే, చైనా పాలన నుంచి తప్పించుకొచ్చిన జనం కట్టుకున్న గుడి ఉంది. సామ్రాజ్యం చేతిలో దెబ్బ తిన్న దేశమే తర్వాత ఇంకో దేశాన్ని మింగింది. ఈ ఊళ్ళో ఒక మైలు నడిస్తే ఆ చరిత్ర మొత్తం కాళ్ళకి తగులుతుంది. "బ్రిటిష్ కాలపు అందం" అన్న మాటలో ఇదంతా ఎక్కడికి పోయింది?

ఇక్కడ గుంటూరు మనిషిగా నాకు ఇంకో ముల్లు కూడా గుచ్చుకుంది. పార్థెనాన్ శిల్పాలు ఉన్న బ్రిటిష్ మ్యూజియంలోనే మన అమరావతి స్తూపం పలకలు ఉన్నాయి, సుమారు 120 దాకా. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి మద్రాసు పంపినవి, 1859లో లండన్ చేరాయి. వాళ్ళు పట్టుకెళ్ళారని మనం బాధపడతాం, న్యాయమే. కానీ కథలో మన వంతు కూడా ఉంది. 1790ల చివర్లో కాలిన్ మెకంజీ అనే ఇంకో కంపెనీ అధికారి దీపాలదిన్నె అని పిలిచే ఆ స్తూపం దిబ్బ చూడటానికి వచ్చేసరికే స్థానిక జమీందారు మనుషులు దాన్ని తవ్వి రాళ్ళు కట్టడాలకి వాడుకుంటున్నారు. పాలరాయి లాంటి ఆ సున్నపురాయి పలకల్ని సున్నం కోసం కాల్చుకున్నారు కూడా. పద్మాలు చెక్కిన పలకలు బట్టీలో పడి ఎవరి ఇంటి గోడకో సున్నమై పోయాయి. అమరావతి మ్యూజియంలో అమ్మ తన స్కూలు పిల్లలకి ఈ సంగతి ఏటా చెప్పేది. ప్రతిసారీ గొంతు పట్టుకుపోయేది.

మర్నాడు పొద్దున్నే గుడికి వెళ్ళాం. సుగ్లాగ్‌ఖాంగ్ అంటారు. టిబెట్ రాజధాని లాసాలో ఉన్న ముఖ్యమైన గుడి పేరే దీనికి పెట్టుకున్నారు. "మినీ టిబెట్" అనుకుంటూ వచ్చినవాళ్ళకి ఇది నిరాశ కలిగిస్తుంది. బంగారు కప్పులు, ఎత్తైన తెల్ల గోడలు ఏమీ లేవు. పసుపు రంగు వేసిన సాదా కాంక్రీటు కట్టడం. మన ఊళ్ళో ఎనభైల నాటి ప్రభుత్వ కాలేజీ వరండాలా ఉంటుంది. మా పక్కన ఒక జంట తెలుగులోనే "ఇంతేనా? దీనికి ఇంత బిల్డప్పా?" అనుకుంటూ వెళ్ళిపోయారు.

వాళ్ళని ఆపి చెప్పాలనిపించింది. ఆపలేదు. ఇక్కడ చెప్తాను.

దలైలామా 1959 మార్చిలో రాత్రివేళ లాసా విడిచి, కొండలు దాటి, ఆ నెలాఖరుకి భారత్ చేరుకున్నారు. మొదట ముస్సోరీలో ఉంచారు. 1960 ఏప్రిల్ 30న ఇక్కడికి తీసుకొచ్చారు. అప్పటికి ఈ ఊరు దాదాపు పాడుబడి ఉంది. 1905 ఏప్రిల్ 4న వచ్చిన కాంగ్రా భూకంపంలో సుమారు 20,000 మంది చనిపోయారు. చర్చి నిలబడింది గానీ గంట గోపురం కూలిపోయింది. ఆ తర్వాత కార్యాలయాలు కిందికి దిగిపోయాయి. 1947లో దొరలూ వెళ్ళిపోయారు. ఖాళీ బంగళాలు, మూతపడ్డ తలుపులు మిగిలాయి. 1860 నుంచి ఇక్కడ దుకాణం నడుపుతూ వచ్చిన నౌరోజీ అనే పార్సీ కుటుంబం, ఈ ఖాళీ ఊరు శరణార్థులకి పనికొస్తుందని ప్రభుత్వానికి చెప్పిందట. అలా ఒకరు వదిలిపెట్టిన ఇళ్ళలోకి, ఇల్లు పోగొట్టుకున్న మరొకరు వచ్చారు. దలైలామా మొదట దిగింది కూడా ఒకప్పటి బ్రిటిష్ కమిషనర్ బంగళాలోనే.

వచ్చినవాళ్ళలో చాలామందిని ప్రభుత్వం కొండ రోడ్ల పనికి పంపింది. మంచులో పెరిగిన మనుషులు ఇక్కడి వేడికి, కొత్త రోగాలకి తట్టుకోలేకపోయారు. రోడ్డు పక్క డేరాల్లో పిల్లలు జబ్బుపడి పోతుంటే, 1960 మేలో 51 మంది పిల్లల్ని జమ్ము వైపు నుంచి ఇక్కడికి చేర్చారు. దలైలామా అక్కగారు సెరింగ్ డోల్మా వాళ్ళ బాధ్యత తీసుకున్నారు. ఈరోజు టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ అని మనం చూసే పెద్ద బడి అలా మొదలైంది. రేపో మాపో తిరిగి వెళ్ళిపోతాం అనుకున్న జనం బంగారు కప్పు గుడి కడతారా? సాదాగా కట్టుకున్నారు. ఆ సాదాతనం వెళ్ళిపోవాలన్న ఆశకి గుర్తు.

ఇక లోపల. శాక్యముని బుద్ధుడి విగ్రహం, టిబెట్‌కి బౌద్ధం తీసుకెళ్ళిన గురువు పద్మసంభవుడు, పక్కన కరుణకి రూపమైన వెయ్యి చేతుల బోధిసత్వుడు అవలోకితేశ్వరుడు. చైనా సాంస్కృతిక విప్లవం రోజుల్లో లాసా గుడిలోని పాత అవలోకితేశ్వర విగ్రహాన్ని పగలగొట్టి వీధిలో పారేశారు. కొందరు ప్రాణాలకి తెగించి ఆ శకలాల్లోంచి ముఖాల్ని ఏరి, దాచి, చేతులు మార్చుకుంటూ నేపాల్ మీదుగా ఇక్కడికి చేర్చారు. ఇప్పుడు మన ముందున్న విగ్రహంలో వాటిని కలిపారు. ఇది ఒక భిక్షువు హిందీలో చెప్తుంటే అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని, "వాళ్ళు పగిలిన మొహాలు మోసుకొచ్చారే. మనం చెక్కుచెదరని పలకలు బట్టీలో వేశాం" అంది.

నా పేచీ అంతా అమ్మ అన్న ఆ మాటలోనే ఉంది. చర్చి, సమాధి, బంగళాలు వెళ్ళిపోయినవాళ్ళు వదిలేసినవి. వాళ్ళకి తిరిగి వెళ్ళడానికి ఇల్లుంది, వెళ్ళారు. గుడిలో ఉన్నవి పారిపోయి వస్తూ చేతికి అందినంత తెచ్చుకున్నవి. ఈ రెండింటినీ ఒకే బ్రోచర్లో "ఘన వారసత్వం" అని పక్కపక్కన అచ్చేస్తే రెండోవాళ్ళు కూడా అయిపోయిన కథలాగా కనబడతారు. వాళ్ళది అయిపోలేదు. గుడి దారి గోడల మీద ఒక ఆరేళ్ళ పిల్లాడి ఫోటో ఇప్పటికీ ఉంది. 1995లో దలైలామా పంచెన్ లామాగా, అంటే తన తర్వాతి స్థానంలో ఉండే గురువుగా, గుర్తించిన పిల్లాడు. కొద్దిరోజులకే చైనా అధికారులు తీసుకెళ్ళారు, ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. ఫోటోలో పిల్లాడికి ఇంకా ఆరేళ్ళే. 2009 నుంచి టిబెట్‌లో 150 మందికి పైగా చైనా పాలనకి నిరసనగా ఒంటికి నిప్పంటించుకున్నారు. ఇది మ్యూజియంలో పెట్టే చరిత్ర కాదు కదా.

మన గురించి కూడా ఒక మాట చెప్పాలి. తెలుగువాళ్ళకి ఈ గుడి పరాయిది అనుకుంటే పొరపాటు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది ధాన్యకటక స్తూపం దగ్గర, అంటే మన అమరావతిలో, అని టిబెటన్ల నమ్మకం. లాసా పక్కన 1416లో కట్టిన ద్రేపుంగ్ మఠం పేరు ధాన్యకటకానికి వాళ్ళ భాషలో చేసిన అనువాదమే. ద్రేపుంగ్ అంటే బియ్యపు రాశి. ధాన్యకటకం అన్న పేరు మన పాఠాల్లో ఒక మార్కు ప్రశ్నగా మిగిలింది. హిమాలయాల అవతల మాత్రం ఆ పేరు పెట్టుకున్న మఠంలో వేలమంది భిక్షువులు వందల ఏళ్ళ పాటు చదువుకున్నారు. అక్కడ ఉండలేని పరిస్థితి వచ్చాక దాన్ని కర్ణాటకలోని ముండుగోడులో మళ్ళీ నిలబెట్టారు. బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు మనకి ఒక డ్యామ్ పేరు. వాళ్ళ పిల్లలు ఆయన శ్లోకాలు కంఠతా పట్టి, చప్పట్లు చరుస్తూ వాదించుకుంటారు. ఈ పిల్లలు మన సంగతే మనకంటే శ్రద్ధగా చదువుతుంటే మనం బయట మోమోల రేటు బాగా పెరిగిపోయిందని పోస్టు పెడుతున్నాం.

ఆ ఫిర్యాదు గురించి కూడా. "అంతా కమర్షియల్ అయిపోయింది, అసలు టిబెట్ ఫీల్ లేదు" అని చాలామంది రాస్తారు. శరణార్థి సరుకు అమ్మక ఏం చేస్తాడు? భూమి కొనే వీలు లేదు. హిమాచల్ భూచట్టం ప్రకారం అక్కడి వ్యవసాయదారు కానివాళ్ళు, మనతో సహా, అనుమతి లేకుండా భూమి కొనలేరు. మనం కొనలేకపోతే పోయేదేమీ లేదు, వెనక్కి వస్తే గుంటూరు ఉంది. వాళ్ళలో చాలామంది చేతిలో ఉండేది విదేశీయుల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, గడువు తీరేలోపు పోలీసుల దగ్గర కొత్తది చేయించుకోవాలి. 1987 జులైకి ముందు ఇక్కడ పుట్టినవాళ్ళకి చట్టప్రకారం పౌరసత్వం వస్తుందని 2010లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అయినా కొందరు తీసుకోరు. తీసుకుంటే టిబెట్ మీద హక్కు వదులుకున్నట్టేనని వాళ్ళ భయం. వాళ్ళ దుకాణం మన ఫోటోకి సరిపోవాలి, వాళ్ళ బతుకు మన ఊహలో టిబెట్‌లా ఉండాలి అని అడిగే హక్కు మనకి ఎవరిచ్చారు?

దీనికి ఎదురు వాదన ఉంది, నా స్నేహితురాలే అంది. "సెలవు పెట్టుకుని నాలుగు రోజులు గాలి మార్పుకి వెళ్తాం. అక్కడ కూడా బాధలు చదవాలా?" అలిసిపోయిన మనిషి అడిగిన న్యాయమైన ప్రశ్నే. అందుకే నేను యాత్ర మానమనట్లేదు. వెళ్ళాలి. జనం రాకపోతే ఆ ఊరు ఆకలితో ఉంటుంది. కానీ చావు జరిగిన ఇంటికి వెళ్తే మనం గట్టిగా నవ్వం, ఎవరూ నేర్పకపోయినా. అంత మర్యాద చాలు. ఒక పూట ట్రెక్కింగ్ తగ్గించి టిబెటన్ గ్రంథాలయానికి వెళ్ళండి. 1970లో పెట్టారు, పారిపోయి వస్తూ వీపున మోసుకొచ్చిన రాతప్రతులు అందులో ఉన్నాయి. దుకాణంలో మనిషిని చైనావాళ్ళు అనకండి. ఆ ఒక్క మాట వాళ్ళకి ఎంత కోస్తుందో ఆలోచించండి.

ఇంకొకరు కూడా ఉన్నారు, ఈ రెండు కథల మధ్య నలిగిపోయినవాళ్ళు. గద్దీలు. గొర్రెల మందలతో వేసవిలో ధౌలాధార్ దాటి పైకి, చలికాలంలో లోయల్లోకి తిరిగే ఈ నేల సొంత మనుషులు. దొరలు అటవీ చట్టాలు తెచ్చి మేపు హక్కుల్ని కుదించారు. తర్వాత హోటళ్ళు వచ్చి నీళ్ళని, దారుల్ని తీసుకున్నాయి. మా టాక్సీ నడిపినాయన గద్దీ. "వచ్చినవాళ్ళందరూ దొరల గురించి, లామాల గురించి అడుగుతారు, మా గురించి ఎవరూ అడగరు" అన్నాడు. నేనూ ఆయన చెప్పేదాకా అడగలేదు.

ఐదో రోజు సాయంత్రం గుడి రోడ్డులో ఒక చిన్న కొట్టు దగ్గర అమ్మ శాలువా చూస్తూ నాతో ఏదో అంటుంటే, కొట్టు ఆవిడ తలెత్తి, "తెలుగా అక్కా? లాస్ట్ ఎంత?" అంది.

ఇద్దరం బిత్తరపోయాం. ఆవిడ నవ్వింది. అరవై దాటి ఉంటాయి. పదిహేను చలికాలాలు మన వైపు స్వెట్టర్లు అమ్మిందట. లుధియానాలో సరుకు అప్పు మీద ఎత్తుకుని, రాజమండ్రి, విజయవాడ, గుంటూరు. తను నేర్చుకున్న మొదటి తెలుగు ముక్క "లాస్ట్ ఎంత", రెండోది "తగ్గించు". అమ్మ మొహం చిన్నబోయింది. "మేమూ బేరాలాడినవాళ్ళమేనమ్మా" అంది. "ఆడాలి అక్కా, అదే వ్యాపారం" అంది ఆవిడ హిందీలో. గుంటూరులో మిరపకాయ బజ్జీ గురించి అడిగింది. ఇప్పటికీ అంత కారమేనా అని.

టీ తెప్పించింది. 1963లో చంబా దగ్గర రోడ్డు పనివాళ్ళ డేరాలో పుట్టిందట. తల్లిదండ్రులు రాళ్ళు కొట్టేవారు. ఇద్దరూ ఊరు మళ్ళీ చూడకుండానే పోయారు. కూతురు టొరంటోలో నర్సు. మా తమ్ముడు డల్లాస్‌లో ఉన్నాడని అమ్మ చెప్పింది. ఇద్దరూ తలలు ఊపుకున్నారు, ఒకే కష్టం ఉన్న ఆడవాళ్ళు ఊపుకున్నట్టు. కానీ మా తమ్ముడు రెండేళ్ళకోసారి గుంటూరు వచ్చి నాన్న కట్టిన ఇంట్లో పడుకుంటాడు. వాళ్ళమ్మాయి వస్తే ధర్మశాల దాకా రాగలదు. అమ్మమ్మ పుట్టిన ఊరు తల్లీకూతుళ్ళిద్దరూ ఫోన్‌లో మ్యాప్ పెద్దది చేసి చూసుకుంటారు.

అమరావతి కాలచక్రకి వచ్చారా అని అమ్మ అడిగింది. ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. కొట్టు వెనక గదిలో దలైలామా ఫోటో, ఏడు నీటి గిన్నెలు, వాటి వెనక నుంచి ఒక చిన్న పసుపు గుడ్డ మూట తెచ్చింది. విప్పితే గుప్పెడు మట్టి. స్తూపం పక్కన తీసుకున్నదట, 2006లో. అమ్మ వేలితో తాకి చూసింది. "మన కృష్ణ ఒడ్డు మట్టే" అని నాతో అంది. మూటని మడత చెదరకుండా మళ్ళీ కట్టి, రెండు చేతులతో ఇచ్చింది.

బస్సుకి టైమవుతోందని లేచాం. వీధి మలుపు దాకా వచ్చి సాగనంపుతూ ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుంది. మళ్ళీ వచ్చేటప్పుడు ఇంకొంచెం మట్టి తెచ్చిపెట్టమంది. కూతురికి టొరంటో పంపాలట.